గాజువాకలో అద్దెకుంటూ ఆరోగ్యశ్రీ కార్డుకి దరఖాస్తు: వార్డు సచివాలయానికి వెళ్లే ముందు తేల్చుకోవాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. సొంతూరు టెక్కలి దగ్గర పల్లె. ఇప్పుడు గాజువాకలో అద్దెకుంటున్నారు, ప్రైవేటు కంపెనీలో నెలకి 28,000 జీతం. అమ్మగారు, అన్నయ్య, మీరు ఊళ్లో ఒకే బియ్యం కార్డులో ఉన్నారు. మీ ఆవిడ పేరు ఇంకా గజపతినగరంలో పుట్టింటి కార్డులోనే ఉంది. నాలుగేళ్ల బాబు ఏ కార్డులోనూ లేడు. 72 ఏళ్ల అమ్మగారికి గుండె వాల్వ్ మార్చాలన్నారు. అందరికీ కలిపి గాజువాక సచివాలయంలో కొత్త ఆరోగ్యశ్రీ కార్డు పెట్టించాలా, 3,000 ఇస్తే చేయిస్తానంటున్న ఏజెంటుని నమ్మొచ్చా?

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది: అమ్మగారి పేరు ఊళ్లో బియ్యం కార్డులోంచి తీయించకండి, గాజువాకకి మార్పించకండి. ఆవిడకి కొత్త కార్డు అక్కర్లేదు. బియ్యం కార్డులో పేరున్నవాళ్లు ఆరోగ్యశ్రీ పథకానికి అర్హులే. పథకం పేరు 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీ, 2014 తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024 నుంచి మళ్లీ డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. పేరు మారినప్పుడల్లా పాత కార్డు చెల్లదేమోనని జనం కంగారు పడతారు గానీ, ఆస్పత్రిలో చూసేది కార్డు మీది బొమ్మని కాదు, ఆధార్ నంబరు కొడితే కంప్యూటర్లో వచ్చే కుటుంబ వివరాన్ని. టెక్కలి కార్డుతో విశాఖలో ఏ నెట్‌వర్క్ ఆస్పత్రిలోనైనా (అంటే పథకంలో చేరిన ఆస్పత్రి) చేరొచ్చు. రాష్ట్రమంతటా ఒకటే, జిల్లా అడ్డు లేదు.

అదే ఇప్పుడు అందరినీ కలిపి కొత్త కార్డు అన్నారనుకోండి. పాత కుటుంబంలోంచి పేరు తీయాలి, కొత్తదాంట్లో చేర్చాలి, రెండు చోట్లా ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు రుజువు) పడాలి. ఈ మధ్యలో ఎక్కడ ఆగినా మనిషి ఇటూ అటూ కాకుండా పోతుంది. సరిగ్గా ఆ వారంలోనే ఆపరేషన్ తేదీ వస్తే ఆస్పత్రిలో ఈ పథకం పని చూసే మిత్ర కౌంటర్లో వివరాలు రావు, అనుమతికి పంపలేరు. అందుకని రెండు పనులూ విడగొట్టండి. అమ్మగారి వైద్యం ఉన్న కార్డు మీదే ఇప్పుడే మొదలుపెట్టండి. మీరు, మీ ఆవిడ, బాబు కలిసి వేరే కుటుంబంగా విడిపోయే పని ఆవిడ డిశ్చార్జి అయ్యాక చూసుకోండి.

అమ్మగారిని ఊరి కార్డులోనే ఉంచడానికి ఇంకో పెద్ద కారణం పెన్షన్. ఎన్టీఆర్ భరోసా పెన్షన్ (2024 జులై నుంచి 4,000) ఆవిడకి వస్తుంటే అది ఆ కుటుంబ మ్యాపింగ్ (ఎవరెవరు ఏ కుటుంబంలో ఉన్నారని సచివాలయం కంప్యూటర్లో ఉండే లెక్క) మీదే నడుస్తుంది. పెన్షన్‌కీ బియ్యం కార్డుకీ పట్టణాల్లో కుటుంబ ఆదాయం నెలకి 12,000 దాటకూడదు, పల్లెల్లో 10,000. మీ 28,000 జీతం ఉన్న కుటుంబంలోకి ఆవిడని తెస్తే ఆరోగ్యశ్రీ వస్తుంది, పెన్షన్ పోయే ప్రమాదం వస్తుంది. నిజానికి ఇప్పుడు కూడా మీరు అదే కార్డులో ఉండటం అమ్మగారికీ అన్నయ్యకీ నెత్తిన కత్తే. మీరు విడిపోవడం వాళ్లకే మేలు. వైద్యం కోసం ఆవిడ విశాఖలో ఉన్నన్నాళ్లూ పెన్షన్ గురించి బెంగ పడక్కర్లేదు. ఒకటి రెండు నెలలు తీసుకోకపోయినా తర్వాతి నెల ఊరెళ్తే కలిపి ఇస్తారు. వరుసగా మూడు నెలలు తప్పితేనే ఆపేస్తారు.

ఇక ఆస్పత్రి సంగతి. ముందు 104కి ఫోన్ చేసి ఆధార్ నంబరు చెప్పి, అమ్మగారి పేరు పథకంలో ఉందో లేదో కనుక్కోండి. తర్వాత విశాఖలోని పెద్ద ప్రభుత్వాస్పత్రి కేజీహెచ్ గానీ, గుండె ఆపరేషన్లు చేసే ప్రైవేటు నెట్‌వర్క్ ఆస్పత్రి గానీ ఎంచుకుని నేరుగా అక్కడి మిత్ర కౌంటర్‌కి వెళ్లండి. కొందరు ఆరోగ్యమిత్ర అంటారు, కొందరు వైద్యమిత్ర అంటారు, మనిషి ఒకరే. పెద్ద ఓపీ కౌంటర్లో డబ్బు కట్టి చూపించుకుని, పరీక్షలన్నీ సొంత ఖర్చుతో చేయించుకుని, ఆ తర్వాత ‘ఆరోగ్యశ్రీ ఉందండీ’ అంటే కట్టిన డబ్బు వెనక్కి రప్పించడం చాలా కష్టం. మొదటి అడుగే మిత్ర దగ్గర పడాలి.

‘ఆస్పత్రి నెట్‌వర్క్‌లో ఉందా’ అని మాత్రమే అడిగితే చాలదు. ఒక ఆస్పత్రికి ఎముకల విభాగంలో అనుమతి ఉండి గుండె విభాగంలో ఉండకపోవచ్చు. ‘గుండె ఆపరేషన్లకి ఉందా, వాల్వ్ మార్పిడి ప్రస్తుతం తీసుకుంటున్నారా’ అని అడగండి. బకాయిల గొడవతో 2025 అక్టోబరులో ప్రైవేటు నెట్‌వర్క్ ఆస్పత్రులు కొన్ని వారాలు సేవలు ఆపేసిన సంగతి గుర్తుండే ఉంటుంది. అలాంటి రోజుల్లో కేజీహెచ్చే దిక్కు. కొన్ని రకాల చికిత్సలు ఎలాగూ ప్రభుత్వాస్పత్రులకే కేటాయించారు, ప్రైవేటులో ఆ కార్డు మీద చేయరు.

డాక్టరు చూసి ఆపరేషన్ ఖాయం చేశాక ఆస్పత్రివాళ్లు రిపోర్టులు, ఎకో (గుండె స్కాన్), ఫొటో పెట్టి పథకాన్ని నడిపే ట్రస్టుకి అనుమతి కోసం పంపుతారు. మామూలుగా ఒక రోజులో వస్తుంది. ఏదైనా రిపోర్టు లేదంటూ ట్రస్టు నుంచి ప్రశ్న వస్తే ఇంకా ఆలస్యం. అందుకే పాత ఎకో రిపోర్టులు, మందుల చీటీలు ఏవీ పారేయకండి. ప్రాణం మీదికొచ్చిన కేసైతే ఫోన్ మీదే అనుమతి తీసుకుని వైద్యం మొదలుపెట్టే ఏర్పాటుంది. కార్డు చేతిలో లేదని చేర్చుకోకుండా పంపడం తప్పు.

ప్యాకేజీలో పరీక్షలు, ఆపరేషన్, మందులు, రోగికి తిండి, డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులు అన్నీ కలిసే ఉంటాయి. ‘వాల్వ్ మంచిది వేస్తాం, తేడా కట్టండి’ అని ఎవరైనా అంటే ఆ మాట కాగితం మీద రాసిమ్మనండి. సాధారణంగా రాయరు. అప్పుడు అక్కడి మిత్రకి, 104కి చెప్పండి. డిశ్చార్జి రోజు సంతృప్తి పత్రం మీద సంతకం పెట్టించుకుంటారు. దాంట్లో ‘డబ్బు తీసుకోలేదు’ అన్న వాక్యం ఉంటుంది. చదివి పెట్టండి. చేరిన రోజే ఖాళీ కాగితాల మీద వరసగా సంతకాలు పెట్టించే అలవాటు కొన్నిచోట్ల ఉంది, ఒప్పుకోకండి. వాల్వ్ మార్చాక రక్తం పల్చబడే మందులు, రక్తపరీక్షలు చాలాకాలం సాగవచ్చు. ఫాలోఅప్ ప్యాకేజీ కింద వస్తాయా, మళ్లీ ఎప్పుడు రావాలి అన్నది డిశ్చార్జి కాగితంలోనే రాయించుకోండి.

అమ్మగారికి 70 దాటాయి కాబట్టి ఇంకో దారి కూడా సిద్ధం చేసి పెట్టుకోండి: ఆయుష్మాన్ వయ వందన కార్డు. 2024 అక్టోబరు 29న మొదలైంది. ఆదాయంతో పనిలేదు, ఆధార్ ప్రకారం 70 నిండితే చాలు, ఏడాదికి 5 లక్షల వరకు. ఫోన్లో ఆయుష్మాన్ యాప్‌లోనే నమోదు చేయొచ్చు, ఆధార్ ఓటీపీ, ముఖం ఫొటో కావాలి. చేతకాకపోతే వార్డు ఆరోగ్య కార్యదర్శిని అడగండి. సచివాలయంలో ఏఎన్ఎం అంటే చూపిస్తారు. ఈ కార్డు పెట్టడానికి కుటుంబ మ్యాపింగ్ కదపక్కర్లేదు. ఏ కార్డు కింద పంపాలో ఆస్పత్రిలో మిత్రనే తేల్చనివ్వండి. సందేహాలకి 14555.

ఇప్పుడు మీ ముగ్గురి కార్డు.

మీ అర్హత దగ్గర ఒక చిక్కుంది, అది చాలామందిని వెనక్కి పంపించేస్తుంది. కౌంటర్లో ‘28 వేల జీతమా, మీకు రాదండీ’ అనొచ్చు. వాళ్ల మనసులో ఉన్నది బియ్యం కార్డు నిబంధన. ఆరోగ్యశ్రీకి గీత వేరే. కుటుంబ ఏడాది ఆదాయం 5 లక్షల లోపు ఉంటే చాలు. మీది 3,36,000. భూమి మాగాణి 12 ఎకరాలు, మెట్ట 35 ఎకరాల లోపు. పురపాలక పన్ను కట్టే ఇల్లు 3,000 చదరపు అడుగుల లోపు, బియ్యం కార్డుకైతే వెయ్యే. సొంత కారు ఒకటి ఉన్నా ఫర్వాలేదు, రెండోది ఉంటే రాదు. కరెంటు 300 యూనిట్ల లెక్క బియ్యం కార్డుకీ పెన్షన్‌కీ గానీ దీనికి కాదు. కాబట్టి కౌంటర్లో ‘బియ్యం కార్డు వద్దు, ఆరోగ్యశ్రీ కార్డు ఒక్కటే కావాలి’ అని స్పష్టంగా చెప్పండి. ఈ ఒక్క వాక్యం చెప్పకపోతే వాళ్లు బియ్యం కార్డు దరఖాస్తే తెరుస్తారు, అది తిరస్కరణలో ముగుస్తుంది.

జీతం చీటీలో ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) కోత ఉందేమో ఒకసారి చూసుకోండి. 21,000 దాటితే ఈఎస్ఐ లేదు అనుకుంటాం గానీ, ఏప్రిల్-సెప్టెంబరు, అక్టోబరు-మార్చి అని రెండు చందా కాలాలుంటాయి. మధ్యలో జీతం పెరిగితే ఆ కాలం అయ్యేదాకా కోత సాగుతుంది. ఈఎస్ఐ, కేంద్ర ఉద్యోగుల సీజీహెచ్ఎస్, రైల్వే వైద్యం, రాష్ట్ర ఉద్యోగుల ఈహెచ్ఎస్ ఉన్నవాళ్లకి ఈ పథకం వర్తించదు. విశాఖంతా పోర్టు, డాక్‌యార్డు, రైల్వే, ఫ్యాక్టరీలే కాబట్టి తిరస్కరణల్లో ఈ కారణం ఇక్కడ తరచుగా వినిపిస్తుంది.

సచివాలయానికి వెళ్లే ముందు ఇంట్లోనే కూర్చుని ఆధార్లు వరసగా టేబుల్ మీద పెట్టి చూడండి. మీ ఆవిడ ఆధార్‌లో ఇంటిపేరు ఇంకా పుట్టింటిదే ఉందా, ‘తండ్రి పేరు’ దగ్గర ఎవరున్నారు, చిరునామా గజపతినగరమా? పాత చిరునామా ఉన్నంతమాత్రాన దరఖాస్తు ఆగిపోదు, కానీ గాజువాక సచివాలయం పరిధిలో ఉంటున్నట్టు రుజువు కావాలి. అద్దె ఒప్పందం, గ్యాస్ బుక్కు లాంటివి దగ్గరుంచుకోండి. పేర్ల దగ్గర ఉత్తరాంధ్రలో ఒక తలనొప్పి ఎప్పుడూ ఉండేదే. ఒక కాగితంలో ‘అప్పలనరసమ్మ’, ఇంకోదాంట్లో ‘అప్పల నర్సమ్మ’, మూడోదాంట్లో ఇంటిపేరుకి ఒక అక్షరం మాత్రమే. మనకి ముగ్గురూ ఒకరే, కంప్యూటర్‌కి కారు. ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా ఉందో అదే చూడండి, తెలుగు వరసని కాదు. సరిచేయాల్సింది ఆధార్ అయితే అదే ముందు. వివరాల మార్పుకి 75 రూపాయలు, వేలిముద్రలు కొత్తగా తీయించడానికి 125 (2025 అక్టోబరు నుంచి ఉన్న ధరలు). ఫోన్ నంబరు ఆధార్‌కి కలిసి ఉండటం తప్పనిసరి అనుకోండి. పాత సిమ్ పోయి, ఓటీపీ ఎవరికో వెళ్తున్నవాళ్లు బోలెడుమంది.

బాబుకి ఐదేళ్లు నిండలేదు కాబట్టి వాడి ఆధార్‌లో వేలిముద్రలు ఉండవు. ఈకేవైసీకి వాణ్ని ఎత్తుకుని క్యూలో నిలబడక్కర్లేదు, తల్లిదండ్రుల్లో ఒకరిది సరిపోతుంది. జనన ధృవీకరణ పత్రం మాత్రం తీసుకెళ్లండి. ఐదు నిండాక ఏడేళ్ల లోపు వేలిముద్రలు ఉచితంగానే ఎక్కిస్తారు, అది మర్చిపోతే తర్వాత ఆధార్ పనిచేయదని ఆస్పత్రిలో తెలుస్తుంది.

కాగితాలు: ముగ్గురి ఆధార్ జిరాక్సులు, మీ రెండు కుటుంబాల పాత కార్డుల జిరాక్సులు, మీ మూడు నెలల జీతం చీటీలు లేదా తహసీల్దార్ ఇచ్చే ఆదాయ ధృవీకరణ, పెళ్లి రిజిస్ట్రేషన్ పత్రం, ఒక కుటుంబ ఫొటో. పెళ్లి రిజిస్టర్ చేయించకపోతే శుభలేఖ, పెళ్లి ఫొటో, సాక్షులతో ముందు ఆ పని కానివ్వండి. మీ ఆవిడని పుట్టింటి కుటుంబంలోంచి మీ కుటుంబంలోకి మార్చడానికి ఆధారం అదే. ఆదాయ పత్రానికి ‘మన మిత్ర’ వాట్సాప్ (95523 00009) లోనూ దరఖాస్తు పెట్టొచ్చు. గాజువాక, పెదగంట్యాడ పక్కపక్కనే ఉన్నా మండలాలు వేరు. మీ వీధి ఏ తహసీల్దార్ కిందకొస్తుందో ముందే కనుక్కోండి. 

విశాఖ కార్పొరేషన్ (జీవీఎంసీ)లో 98 వార్డులున్నాయి, ఒక్కో వార్డులో సచివాలయాలు ఒకటికంటే ఎక్కువే. మొదట్లో పట్టణాల్లో దాదాపు నాలుగు వేల జనాభాకి ఒకటి లెక్కన పెట్టారు. మీ ఇంటికి దగ్గరున్నదే మీది కావాలని లేదు, వీధిని బట్టి ఉంటుంది. ఇంటి ఓనరుని అడిగితే చెప్తారు. ఇదివరకులా వాలంటీరు ఇంటికి వచ్చి చేసిపెట్టే రోజులు పోయాయి, మీరే వెళ్లాలి. నెల ఒకటో తారీఖున మాత్రం వెళ్లకండి. పెన్షన్ల పంపిణీకి సిబ్బంది అంతా ఇళ్లకి తిరుగుతుంటారు. ఒకటో తారీఖు సెలవైతే ముందురోజే పంచుతారు, ఆ రోజూ అంతే. ఉదయం సర్వేలు, ఫీల్డు పనుల్లో ఉంటారు కాబట్టి మధ్యాహ్నం మూడు తర్వాత దొరికే అవకాశం ఎక్కువ. ఒక్కోసారి ఒకే కార్యదర్శి రెండు సచివాలయాలు చూస్తుంటారు. వెళ్లగానే ‘వార్డు విద్య, డేటా ప్రాసెసింగ్ కార్యదర్శి ఏ రోజు ఉంటారు’ అని అడిగి ఫోన్ నంబరు తీసుకోండి. దరఖాస్తు కంప్యూటర్లో ఎక్కించేది ఆయనే, మిగతావాళ్లకి చూపిస్తే ‘సార్ వచ్చాక రండి’ అంటారు.

పని జరగాల్సిన వరస కూడా ముఖ్యమే. ముందు కుటుంబ మ్యాపింగ్‌లో మీరు ఊరి కుటుంబంలోంచి, మీ ఆవిడ పుట్టింటి కుటుంబంలోంచి విడిపోయి కొత్త కుటుంబంగా రావాలి. అది ఎక్కాకే కార్డు దరఖాస్తు. మ్యాపింగ్ కాకుండానే దరఖాస్తు ఎక్కిస్తే మీ పేరుతో పాటు అమ్మగారు, అన్నయ్య పేర్లు వచ్చేస్తాయి. అప్పుడు ‘సరే, అందరికీ కలిపి పెట్టేద్దాం’ అంటారు. అక్కడే ఆపండి. విభజన, చేర్పు ఆప్షన్లు పోర్టల్లో ఎప్పుడూ తెరిచి ఉండవు. మూసి ఉంటే ఎప్పుడు తెరుస్తారో కనుక్కుని వెనక్కి రావడమే మంచిది.

ఈకేవైసీ దగ్గర వేలిముద్ర పడకపోవడం మామూలే. పదిసార్లు నొక్కితే పదిసార్లూ తప్పే వస్తుంది. చెయ్యి గోరువెచ్చని నీళ్లతో కడిగి, పూర్తిగా తుడుచుకుని, వేలు అద్దం మీద అదమకుండా మెత్తగా ఆనించండి. గట్టిగా అదిమితే గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి అసలు చదవదు. బొటనవేలు పడకపోతే ఉంగరపు వేలు పెట్టి చూడండి, పనిలో తక్కువ అరుగుతుంది. అదీ కాకపోతే ఐరిస్ (కంటిపాప), ముఖం, ఓటీపీ మార్గాలున్నాయి, మీరే అడగాలి.

దరఖాస్తు ఎక్కాక టీ అక్షరంతో మొదలయ్యే నంబరున్న రసీదు ఇస్తారు. అది లేకుండా బయటికి రాకండి. ‘ఎక్కించేశాం, ఫోన్ చేస్తాం’ అన్న మాటకి విలువ లేదు. తర్వాత విచారణకి వస్తారు లేదా పిలుస్తారు, ఆపైన పై అధికారి దగ్గరికి వెళ్తుంది. కార్డు 20 రోజుల్లో ఇవ్వాలన్నది 2020లో పెట్టిన గడువు. విచారణ దగ్గర ఆగితే అంతకంటే ఎక్కువే పడుతుంది, కాబట్టి వారం దాటాక రసీదు నంబరుతో వెళ్లి ఏ లాగిన్‌లో (అంటే ఏ అధికారి దగ్గర) ఆగిందో అడగండి. ‘పెండింగ్’ అంటే సరిపోదు, ఎవరి లాగిన్ అన్నది కావాలి.

తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకోండి. తరచుగా కనిపించేవి రెండు. మొదటిది ఆదాయపన్ను రిటర్ను: ఇంటి లోను కోసం ఆడిటరు ఆదాయం ఎక్కువ చూపించి రిటర్ను వేసి ఉంటాడు, పాన్ ఆధార్‌కి కలిసి ఉంటుంది కాబట్టి 5 లక్షలు దాటినట్టు తేలుతుంది. దీనికి సచివాలయంలో మందు లేదు. వచ్చే ఏడాది రిటర్ను నిజాయితీగా వేయడమే. రెండోది కారు. ఎప్పుడో అమ్మేసిన కారు ఆర్సీ ఇంకా మీ పేరు మీదే ఉంటుంది. రవాణా శాఖలో పేరు మార్పు అయ్యాక మళ్లీ దరఖాస్తు పెడితే సరిపోతుంది. కారణం తప్పని మీకు రుజువుంటే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో రసీదు, తిరస్కరణ కాగితం జతచేసి అర్జీ ఇవ్వండి. ఉత్త అర్జీ ఇస్తే అది తిరిగి అదే సచివాలయానికి వస్తుంది.

ఏ కారణంతోనైనా అమ్మగారి కేసు పథకం కిందికి రాకపోతే బిల్లులు కట్టి తర్వాత పరుగెత్తకండి. ఆపరేషన్‌కి ముందే ఆస్పత్రి ఇచ్చే ఖర్చు అంచనాతో ఎమ్మెల్యే కార్యాలయానికి వెళ్లి ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్వోసీ (ఖర్చుకి ఆస్పత్రికి ఇచ్చే హామీ పత్రం) అడగొచ్చు.

ఏజెంటు విషయం. అతను చేయగలిగింది ఏమిటంటే మీ ఆధార్లు తీసుకెళ్లి, మీ ఓటీపీ అడిగి, ఇదే కౌంటర్లో ఇదే దరఖాస్తు పెట్టించడం. పైగా తొందరగా తెమలడానికి అందరినీ ఒకే కుటుంబంలో కలిపేస్తాడు, మీకు జరగకూడనిది అదే. ఇప్పటికే ఆధార్ కాపీలు, ఓటీపీలు ఇచ్చి ఉంటే ఆధార్ యాప్‌లో అమ్మగారి బయోమెట్రిక్ లాక్ వేయండి. ఆస్పత్రిలో చేర్చే రోజు పొద్దున్నే అన్‌లాక్ చేసుకోండి, లేకపోతే మిత్ర కౌంటర్లో ఆవిడ వేలిముద్ర పడదు.